తీగ లేని బర్మా: ఇంటి గోడ, చేతి పనిముట్టు, బ్యాటరీ

పరిచయం

హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నడిచేవారి చేతికి ముందుగా అందేది కరపత్రం. ఒరాకిల్, జావా, పైథాన్, క్లౌడ్ అంటూ కోర్సుల పేర్లు మారుతూ వచ్చాయిగాని కరపత్రం పంచే పద్ధతి మారలేదు. 1975లో ఏర్పడిన హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ (హుడా) కట్టించిన వాణిజ్య సముదాయం పేరు మైత్రీవనం. ఇప్పుడు ఆ కూడలినీ చుట్టుపక్కల వీధులనూ కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. జిల్లాల నుంచి శిక్షణ కోసం వచ్చే యువతీయువకులు ఆ వీధుల్లోని హాస్టళ్ళలో, అద్దె గదుల్లో దిగుతారు. గది చూపించేటప్పుడు యజమాని చెప్పే మొదటి షరతు మీలో చాలామంది వినే ఉంటారు: “గోడలకు మేకులు కొట్టొద్దు.”

కొన్నేళ్ళు గడిచాక అదే మనిషి మియాపూర్‌లోనో నిజాంపేటలోనో సొంత ఫ్లాటు కొనుక్కుంటాడు. ఇప్పుడు గోడ తనదే, కొట్టవద్దనేవారు లేరు. కిటికీకి పరదా కడ్డీ బిగించాలి, అద్దం తగిలించాలి, వంటగదిలో అర పెట్టాలి. అప్పుడు ‘తీగ లేని డ్రిల్లు’ ప్రకటన కంటబడుతుంది. 12 వోల్టులు, 18 వోల్టులు, 20 వోల్టులు, 21 వోల్టులు, బ్రష్‌లెస్, ఇంపాక్ట్, 2 ఆంపియర్-గంటలు! ఏది కొనాలి?

చరిత్ర పాఠంలో డ్రిల్లుకు ఏం పని అని మీరు అడగవచ్చు. ప్రతి పనిముట్టూ తాను పుట్టిన ఇంటి గుర్తులను మోసుకొని తిరుగుతుంది. తీగ లేని డ్రిల్లు పెరిగింది చెక్క ఇళ్ళ దేశంలో. మనం దాన్ని ఇటుక, కాంక్రీటు గోడల మీద ప్రయోగిస్తున్నాం. కొనేటప్పుడు జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగేవే. ఈ పాఠం చదివిన తరువాత, డ్రిల్లు పెట్టె మీద అచ్చువేసిన అంకెల వెనుక ఉన్న చరిత్రను మీరు వివరించగలుగుతారు. మీ ఇంటికి ఏది తగునో, ఏది తగదో కూడా చెప్పగలుగుతారు.

1. చిలక్కొయ్యల ఇల్లు

రంధ్రం చేయడం మనిషి నేర్చిన చాలా పాత విద్య. నేటి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో మెహర్‌గఢ్ అనే నవీన శిలాయుగ స్థలం ఉంది. అక్కడ దొరికిన తొమ్మిదిమంది వ్యక్తుల పదకొండు దంతాలలో చెకుముకి రాతి మొనతో తొలిచిన రంధ్రాలు ఉన్నట్లు 2006లో పరిశోధకులు ప్రకటించారు. వాటి వయస్సు సుమారు 7,500 నుంచి 9,000 ఏళ్ళు. పూసలు తొలిచే నేర్పునే నోటిలోనూ వాడారన్నమాట. ఆ తరువాతి సింధు నాగరికతలో, చన్హుదారో వంటి చోట్ల, పొడవైన ఎర్రరాతి పూసలను ఈ చివర నుంచి ఆ చివరకు తొలిచిన పనితనం మీరు ప్రాచీన చరిత్ర పాఠంలో చదివారు.

ఆ సాధనం రూపం మన ఊళ్ళలో మొన్నమొన్నటి దాకా బతికే ఉంది. ఒక కొయ్య కడ్డీకి ఉక్కు మొన, కడ్డీ చుట్టూ ఒక తాడు, తాడుకు విల్లు లాంటి కర్ర. విల్లును ముందుకూ వెనుకకూ లాగితే మొన తిరుగుతుంది. వడ్రంగులు దీన్ని బర్మా అన్నారు. పెద్ద దూలమైతే ఒకరు బర్మాను నొక్కిపట్టుకొంటే మరొకరు తాడు లాగేవారు. గ్రామంలో వడ్రంగి, కమ్మరి ఆయగార్లలో భాగం. తెలంగాణలో బలూతదార్లు అన్న మాట కూడా వాడుకలో ఉండేది. నాగలి బాగుచేసినందుకు, తలుపు బిగించినందుకు వారికి పంట కల్లంలో ధాన్యం కొలిచేవారు. బర్మా, బాడిశ, ఉలి, చిత్రిక వారి ఇంట్లోనే ఉండేవి. రైతు ఇంట్లో గొడ్డలి, పార ఉండేవిగాని బర్మా ఉండేది కాదు. పనిముట్టుతోపాటు పని కూడా ఒక కులానికి, ఒక కుటుంబానికి చెంది ఉండేది.

ఇంకొక సంగతి చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. పాత తెలుగు ఇంట్లో గృహస్థుకు బర్మా అవసరం కూడా తక్కువే. గోడ కట్టేటప్పుడే అందులో చిలక్కొయ్యలు నాటేవారు. చొక్కా, కండువా, చేతిసంచి వాటికి తగిలేవి. దీపానికి గోడలోనే గూడు. సామానుకు అటక. ఉయ్యాలకు దూలంలో కొక్కెం. బట్టలకు దండెం. తగిలించవలసినవి, దాచవలసినవి ఏమిటో ఇల్లు కట్టే రోజే తేలిపోయేది. బహుళ అంతస్తుల ఫ్లాటులో చిలక్కొయ్య లేదు, గూడు లేదు. నున్నగా పుట్టీ పెట్టి రంగు వేసిన గోడను చేతికిచ్చి, మిగతాది మీరే చూసుకోండి అంటారు. నగరంలో డ్రిల్లుకు పెరిగిన గిరాకీలో కొంత భాగం, నా దృష్టిలో, ఈ చిలక్కొయ్య లేని లోటు నుంచి పుట్టినదే.

2. తీగ వెంట వచ్చిన శక్తి

విద్యుత్తుతో తిరిగే డ్రిల్లుకు తొలి పేటెంటు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ ఆర్నాట్, విలియం బ్రెయిన్ తీసుకున్నారు. అది ఒకచోట బిగించి వాడే యంత్రం. చేతితో ఎత్తి పట్టుకోగల విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ తయారుచేసింది. ఇవాళ మనం చూస్తున్న పిస్తోలు ఆకారం అమెరికా నుంచి వచ్చింది. 1910లో బాల్టిమోర్‌లో డంకన్ బ్లాక్, అలొంజో డెకర్ పెట్టిన కంపెనీ, పిస్తోలు పిడి, వేలితో నొక్కే ట్రిగ్గర్ ఉన్న డ్రిల్లుకు 1917లో పేటెంటు పొందింది. అంతకుముందు యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకొని స్విచ్చు కోసం తడుముకోవాల్సి వచ్చేది. పిడిలోనే స్విచ్చు చేరడంతో ఒక చేయి ఖాళీ అయింది. చిన్న మార్పే అయినా, నిచ్చెన ఎక్కి పనిచేసేవారికి ఆ ఖాళీ చేయి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫ్యాక్టరీ కార్మికులు ఆ డ్రిల్లులను ఇంటి పనులకు పట్టుకుపోతున్నారని గమనించి, 1946లో ఇళ్ళ కోసం చౌక రకాలు తెచ్చామని ఆ కంపెనీయే చెప్పుకొంటుంది. అమెరికాలో పనివాడి కూలి ఖరీదు, సొంత ఇల్లు చెక్కది, ఇంటి పక్కన గ్యారేజీ. ‘మీ పని మీరే చేసుకోండి’ అనే సంస్కృతి ఈ మూడింటి మీద నిలబడింది. 1978లో అట్లాంటాలో మొదలైన హోమ్ డిపో వంటి దుకాణాలు దాన్ని పెద్ద వ్యాపారంగా మార్చాయి.

ఇదే కాలంలో హైదరాబాద్ ఎక్కడ ఉంది? హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ మొదలయ్యాయి. సనత్‌నగర్, బాలానగర్ కార్ఖానాల ప్రాంతాలుగా పెరిగాయి. పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ 1968లో బాలానగర్‌లో ఏర్పడింది. అమీర్‌పేట నుంచి అది కొద్ది కిలోమీటర్ల దూరమే. అంటే ఈ నగరానికి పనిముట్లు చేయడం కొత్త కాదు. అయితే ఆ విద్య కార్ఖానా కోసం, ఇంటి కోసం కాదు. విద్యుత్ డ్రిల్లు ఎలక్ట్రీషియన్ దగ్గరో ఫ్యాబ్రికేషన్ షాపులోనో ఉండేది. పాత ఎలక్ట్రీషియన్లను అడిగితే బొంబాయిలో తయారైన రాలీ వుల్ఫ్ డ్రిల్లు బరువు గురించి ఇప్పటికీ చెబుతారు. లైసెన్సుల కాలంలో విదేశీ పనిముట్టు సామాన్యుడికి అందేది కాదు. 1991 సంస్కరణలతో తలుపు కొంత తెరుచుకుంది. వినియోగ వస్తువుల దిగుమతిపై మిగిలిన పరిమాణ ఆంక్షలను 2001 ఏప్రిల్ 1న ఎత్తివేశారు. ఆ తరువాతనే రాణీగంజ్, ట్రూప్ బజార్ దుకాణాల్లో రకరకాల డ్రిల్లులు కుప్పలుగా కనబడసాగాయి.

తీగ ఉన్న డ్రిల్లుకు మన దగ్గర ఒక చిక్కు ఉండేది: కరెంటు. 2012-13 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’ పెట్టిన రోజులు, నగరంలో ఇళ్ళకు గంటల లెక్కన కోత విధించిన రోజులు మీకో, మీ ఇంట్లో పెద్దలకో గుర్తుండే ఉంటాయి. కొత్తగా కడుతున్న ఇంట్లో అయితే కనెక్షనే ఉండదు. పనివాడు పక్కింటి సాకెట్ బతిమాలుకొని, రెండు మూడు ఎక్స్‌టెన్షన్ తీగలు ముడివేసి లాక్కొచ్చేవాడు. తీగ లేని డ్రిల్లును మన దేశంలో మొదట ఆదరించింది గృహస్థు కాదు, ఈ పనివాడే అనుకోవడానికి కారణం ఇదే.

3. తీగ తెగిన కథ, పెట్టె మీది అంకెలు

తీగ లేని డ్రిల్లు చరిత్ర అంటే చాలావరకు బ్యాటరీ చరిత్రే. మోటారు ఎప్పుడో సిద్ధం. దానికి కావలసినంత శక్తిని అరచేతిలో పట్టే డబ్బాలో దాచడమే కష్టమైంది.

1899లో స్వీడన్ శాస్త్రవేత్త వాల్డెమార్ జుంగ్నర్ నికెల్-కాడ్మియం బ్యాటరీని కనిపెట్టాడు. దీనికి మన నగరంతో ఒక చుట్టరికం ఉంది. జుంగ్నర్ కంపెనీ వారసత్వంలో ‘నైఫ్’ అనే పేరు నిలిచింది. నికెల్, ఇనుము మూలకాల సంకేతాలను కలిపితే వచ్చిన పేరు అది. హైదరాబాద్‌లో 1977లో మొదలైన హెచ్‌బీఎల్ సంస్థ నికెల్-కాడ్మియం బ్యాటరీలు చేసి, కొంతకాలం హెచ్‌బీఎల్ నైఫ్ అన్న పేరుతోనే నడిచింది. రైల్వేలకు, విమానాలకు ఇక్కడ బ్యాటరీలు తయారవుతుండగా ఇంటి డ్రిల్లులోని బ్యాటరీ మాత్రం బయటినుంచే వచ్చింది.

1961లో బ్లాక్ అండ్ డెకర్ నికెల్-కాడ్మియంతో నడిచే తీగ లేని డ్రిల్లును అమ్మకానికి తెచ్చింది. ‘చంద్రుడి మీదికి వెళ్ళడానికి నాసా దీన్ని కనిపెట్టింది’ అన్న మాట తరచుగా వింటాం. అది తప్పు. తీగ లేని డ్రిల్లు ముందే ఉంది. చంద్రయాత్రకు పనికివచ్చే ప్రత్యేక డ్రిల్లు రూపొందించడంలో ఆ కంపెనీ తరువాత పాలుపంచుకొంది. 1971లో అపోలో-15 యాత్రలో డేవిడ్ స్కాట్ దానితో చంద్రుడి నేలను తొలవబోతే, గొట్టం ఇరుక్కుపోయి అనుకున్న లోతు చేరలేదు. కాంక్రీటు లింటెల్ దగ్గర ఆగిపోయిన మీ పక్కింటాయనకు ఈ సంగతి చెబితే కొంత ఊరట కలగవచ్చు.

జపాన్‌లో మకీతా 1969లో తన తొలి రీఛార్జి డ్రిల్లును, 1978లో 7.2 వోల్టుల నికెల్-కాడ్మియం డ్రిల్లును తెచ్చింది. నికెల్-కాడ్మియం ఘటం ఒక్కొక్కటి ఇచ్చేది 1.2 వోల్టులు. 12 వోల్టులు కావాలంటే పది ఘటాలు, 18 కావాలంటే పదిహేను. బరువు పెరిగేది. బ్యాటరీని సగంలోనే ఛార్జింగ్ పెడుతూ ఉంటే శక్తి తగ్గుతుందన్న భయం ఉండేది. అందుకే ‘పూర్తిగా దించి ఎక్కించాలి’ అనే అలవాటు వచ్చింది. కాడ్మియం విషలోహం కూడా. ఐరోపా సమాఖ్య 2016 చివరితో పనిముట్లలో దాని వాడకానికి స్వస్తి చెప్పింది.

లిథియం-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనుక ఉన్న పరిశోధనకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. కెమెరాలు, ఫోన్లు దాటి అది డ్రిల్లులోకి రావడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. 2003లో బాష్ చిన్న స్క్రూడ్రైవర్ ‘ఇక్సో’లో దాన్ని పెట్టింది. 2005లో మిల్వాకీ 28 వోల్టుల పనిముట్లను, మకీతా 18 వోల్టుల వరుసను తెచ్చాయి. ఇక నికెల్-కాడ్మియం వెనక్కి తగ్గింది.

ఇప్పుడు పెట్టె మీది అంకెలు చూడండి. లిథియం ఘటం సగటు వోల్టేజి 3.6. అయిదు ఘటాలు వరుసగా పెడితే 18 వోల్టులు. అప్పుడే ఛార్జి చేసిన ఘటాన్ని 4 వోల్టులుగా లెక్కిస్తే అదే బ్యాటరీ ‘20 వోల్టులు’. గరిష్ఠంగా 4.2 వేసుకుంటే ‘21 వోల్టులు’. మూడూ ఒకటే! అలాగే మూడు ఘటాల బ్యాటరీ ఒకచోట 10.8 వోల్టులు, మరోచోట 12 వోల్టులు. 21 అని రాసినది 18 కంటే బలమైనదని ఎక్కువ డబ్బిచ్చి కొన్నవారు నిజానికి అచ్చులోని అంకెకు డబ్బిచ్చారు. 48, 88 వంటి పెద్ద సంఖ్యలు రాసిన చౌక పెట్టెలు కూడా కనబడతాయి. బ్యాటరీ చేతిలో తేలికగా ఉండి దానిమీద అంత వోల్టేజి రాసి ఉంటే నమ్మవద్దు.

వోల్టేజి కన్నా ఉపయోగపడే లెక్క ఒకటి ఉంది. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. 18 వోల్టులు, 2 ఆంపియర్-గంటల బ్యాటరీలో 36 వాట్-గంటల శక్తి ఉంటుంది. మీ కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1,000 వాట్-గంటలు. ఛార్జర్‌లో పోయే నష్టం వదిలేస్తే, ఒక్క యూనిట్‌తో ఈ బ్యాటరీని 27 సార్లు నింపవచ్చు. ఖర్చు ఏమీ లేదన్నమాట. ఇదే లెక్కను తిప్పి చూడండి. 500 వాట్ల భారం ఆగకుండా పడితే ఈ బ్యాటరీ నాలుగు నిమిషాలకు మించి రాదు. పరదా కడ్డీలకు, అరలకు ఇది చాలు, ఎందుకంటే ఒక్కో రంధ్రానికి పట్టేది సెకన్లే. రోజంతా రాయి కోసే పనికి చాలదు. మార్బుల్ కట్టర్ లాంటివి తీగతోనే ఉండడం మేలు. అవి గృహస్థు కొనదగినవి కావు కూడా, వాటి ప్రమాదం వేరు.

‘బ్రష్‌లెస్’ అన్న మాటకు కూడా అర్థం ఉంది. పాత మోటారులో కార్బన్ బ్రష్షులు రాపిడితో విద్యుత్తును అందించేవి. అవి అరిగేవి, నిప్పురవ్వలు వచ్చేవి. కొత్త రకంలో ఆ పని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చేస్తుంది కాబట్టి అదే బ్యాటరీతో ఎక్కువ పని జరుగుతుంది. నెలకు ఒకసారి డ్రిల్లు తీసే ఇంటికి ఈ తేడా పెద్దగా తెలియదు. రోజూ వాడే కార్పెంటర్‌కు తప్పకుండా తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) ‘18 వోల్టులు’, ‘20 వోల్టులు’ అని రాసిన రెండు లిథియం బ్యాటరీలు ఒకటే కావచ్చునని లెక్కతో చూపండి.
ఆ) బ్యాటరీని పూర్తిగా దించి ఛార్జి చేయాలన్న అలవాటు ఏ రకం బ్యాటరీ కాలం నుంచి వచ్చింది?

4. ఆ డ్రిల్లు పుట్టిన గోడ, మన గోడ

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ బంధువుల ఇంటి గోడను వేలితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. చెక్క నిలువుల చట్రానికి జిప్సం పలకలు బిగించిన గోడ అది. దానికి 12 వోల్టుల డ్రిల్లు ధారాళంగా చాలు. ఆ దేశపు ప్రకటనల్లో, వీడియోల్లో చిన్న డ్రిల్లు వెన్నలోకి దిగినట్లు దిగడం అందుకే.

మన గోడల చరిత్ర వేరు. నగరంలోని పాత ఇళ్ళలో రాయి, డంగు సున్నం. తరువాత ఎర్ర ఇటుక, సిమెంటు. అపార్టుమెంట్లలో కాంక్రీటు స్తంభాలు, వాటి నడుమ ఇటుక. ఇటీవల తేలికైన ఏఏసీ దిమ్మెలు వచ్చాయి. అల్యూమినియం అచ్చులతో పోసే కొన్ని కొత్త సముదాయాల్లో గోడ మొత్తం కాంక్రీటే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇటుక గోడల ఇంట్లో కూడా కిటికీ పైన ఉండేది కాంక్రీటు లింటెల్. ఇంటికి వచ్చిన కొత్తలో అందరూ చేసే మొదటి పని పరదా కడ్డీ బిగించడం. అంటే కొత్త డ్రిల్లు ఎదుర్కొనే మొదటి పరీక్షే అన్నిటికన్నా గట్టిది! పది నిమిషాలు నొక్కినా బిట్టు నల్లబడుతుందిగాని దిగదు. డ్రిల్లు చెడిపోయిందని దుకాణానికి తిరిగి తెస్తారు. చెడిపోయింది డ్రిల్లు కాదు, ఎంపిక.

దీనికి జవాబు కూడా చరిత్రలోనే ఉంది. మామూలు డ్రిల్లు తిరుగుతుంది అంతే. ‘ఇంపాక్ట్ డ్రిల్లు’లో రెండు పళ్ళ చక్రాలు ఒకదానిపై ఒకటి జారుతూ టకటకమని చిన్న దెబ్బలు వేస్తాయి. ఇటుకకు ఇది సరిపోతుంది. కాంక్రీటుకు కావలసింది లోపల గాలి ఒత్తిడితో ముషలకం ముందుకు దూకి కొట్టే ‘రోటరీ హ్యామర్’. విద్యుత్తుతో నడిచే ఇలాంటి సుత్తి డ్రిల్లును బాష్ 1932లో తెచ్చింది. దాని బిట్టును గుండ్రని చక్‌లో బిగించరు. గాళ్ళు ఉన్న కాడను తోసి తిప్పితే కూర్చుంటుంది. ఎస్‌డీఎస్ అనే ఆ పద్ధతి 1975 నాటిది. కొనేటప్పుడు బిట్టు కాడ చూస్తే చాలు, చేతిలో ఉన్నది ఏ జాతిదో తెలిసిపోతుంది.

కాబట్టి ముందు గోడ చూడండి, తరువాత డ్రిల్లు. ప్లైవుడ్ అలమరలు, కబ్జాలు, మంచం బోల్టులు మాత్రమే మీ పనైతే 12 వోల్టుల చిన్నది చాలు. తేలికగా ఉంటుంది, చేయి నొప్పి పుట్టదు. ఇటుక గోడల ఇల్లైతే 18 వోల్టుల ఇంపాక్ట్ రకం తీసుకోండి. సాధారణ గృహస్థుకు నేను సూచించేది ఇదే. ఇల్లంతా కాంక్రీటైతే, ఏడాదికి పది రంధ్రాల కోసం ఖరీదైన తీగ లేని హ్యామర్ కొనడం కన్నా, ఒకరోజుకు అద్దెకు తెచ్చుకోవడమో ఎలక్ట్రీషియన్‌ను పిలవడమో తెలివైన పని. ఏఏసీ దిమ్మెకు దెబ్బ అసలు వద్దు. మెత్తగా ఉంటుంది కాబట్టి రంధ్రం వెడల్పైపోయి ప్లగ్గు ఊడివస్తుంది.

ప్లగ్గు అన్నాం కదా. గోడ రంధ్రంలో పెట్టే ఆ చిన్న గొట్టాన్ని మన దుకాణాల్లో రావల్ ప్లగ్గు అంటారు. అది జాన్ రాలింగ్స్ అనే బ్రిటిష్ మేస్త్రి పేరు. 1910 దశకం మొదట్లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం గోడలు పెచ్చులూడకుండా విద్యుత్ సామగ్రి బిగించవలసి వచ్చినప్పుడు ఆయన దీన్ని కనిపెట్టాడు. మొదటి ప్లగ్గులు జనపనారవి. ప్లాస్టిక్ తరువాత వచ్చింది.

5. సూట్‌కేసులో వచ్చిన డ్రిల్లు

మైత్రీవనం నుంచి అమెరికా వెళ్ళినవారు తిరిగి వచ్చేటప్పుడు చాక్లెట్లతోపాటు డ్రిల్లు సెట్టు తేవడం ఈమధ్య చూస్తున్నాం. అక్కడ పండుగ తగ్గింపుల్లో చౌకగా దొరుకుతుంది. తెచ్చేముందు ఛార్జర్ వెనుక అచ్చు చదవమని చెప్పండి. అమెరికా ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ఫోను ఛార్జర్ రెండిటికీ పనిచేస్తుంది కాబట్టి ఇదీ చేస్తుందని పిన్ను మార్చి పెడతారు. అక్కడ అమ్మే డ్రిల్లు ఛార్జర్లలో చాలావాటికి 120 మాత్రమే తట్టుకొనే శక్తి ఉంటుంది. సాకెట్‌లో పెట్టిన క్షణంలోనే పొగ వస్తుంది. విడి లిథియం బ్యాటరీని విమానంలో పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే తీసుకురావాలి.

ఛార్జర్ కాలితే ఇక్కడ ఇంకొకటి కొనవచ్చు కదా అంటారా? ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరో కంపెనీ డ్రిల్లుకు అతకదు. ఒకే పేరుతో అమెరికాలో, ఇక్కడ అమ్మే బ్యాటరీల గాళ్ళు కూడా కొన్నిసార్లు వేరుగా ఉంటాయి. డ్రిల్లు ఒకసారి అమ్మి, బ్యాటరీ ద్వారా కొనుగోలుదారును జీవితాంతం తనవెంట ఉంచుకోవడం ఈ వ్యాపార పద్ధతి. దీన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ర్యోబీ 1996లో మొదలుపెట్టిన 18 వోల్టుల వరుసలో బ్యాటరీ అతికే పద్ధతిని మార్చకుండా కొనసాగించింది. పాత డ్రిల్లుకు కొత్త బ్యాటరీ పట్టడం కొనేవారికి లాభమే. వరుసనే ఆపేసే కంపెనీతోనే బాధ. అప్పుడు మోటారు బాగున్నా డ్రిల్లు చెత్త అవుతుంది. కాబట్టి డ్రిల్లు ధర అడిగే ముందు విడి బ్యాటరీ ధర అడగండి, అది నగరంలో దొరుకుతుందా అని అడగండి. దుకాణదారు తడబడితే మీకు జవాబు దొరికినట్లే.

పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి తీసుకొనే బాధ్యత తయారీదారుది, దిగుమతిదారుది. మే నెల ఎండలో మూసిన కారులో బ్యాటరీ వదిలిపెట్టవద్దు. చాలాకాలం వాడనప్పుడు సగం ఛార్జితో చల్లని చోట పెట్టండి. పూర్తిగా దించవలసిన అవసరం లేదు. తాతల కాలపు బ్యాటరీకి చెప్పిన నియమం దీనికి చెల్లదు.

6. గోడ లోపల ఏముంది?

తీగ లేదు కాబట్టి షాకు కొట్టదని చాలామంది అనుకుంటారు. డ్రిల్లుకు తీగ లేదుగాని గోడలో ఉంది. మన ఇళ్ళలో వైర్లు గోడలోపలి గొట్టాల్లో నడుస్తాయి. సాధారణంగా స్విచ్చుబోర్డు నుంచి నిటారుగా పైకి, కొన్నిచోట్ల కిందికి. ఆ గీత మీద తొలవకండి. స్నానాల గది గోడకు అవతలివైపు నీటి గొట్టం ఉంటుంది.

ఇక్కడ తీగ లేని డ్రిల్లుకున్న అసలు మేలు కనబడుతుంది. ఏ ప్రకటనా దీన్ని సరిగా చెప్పలేదు. తీగ ఉన్న డ్రిల్లుకు సాకెట్‌లో కరెంటు ఉండి తీరాలి. తీగ లేనిదైతే మీరు మెయిన్ స్విచ్చు ఆపేసి, గోడలోని వైర్లన్నిటినీ నిర్జీవం చేసి, అప్పుడు తొలవవచ్చు. పగటి వెలుగులో ఆ పని పెట్టుకోండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ నుంచి కొన్ని వైర్లకు కరెంటు వస్తూనే ఉంటుంది, దాన్నీ ఆపాలి. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చున్నీ, కొంగు, జడ, వదులు చొక్కా చేతులు తిరిగే బిట్టుకు చిక్కకుండా కట్టుకోండి. చేతి తొడుగులు వద్దు, బిట్టు వాటిని చుట్టేసుకుంటుంది. బిట్టు మార్చేముందు బ్యాటరీ ఊడదీయండి.

7. పని ఎవరిది?

బర్మా వడ్రంగి ఇంట్లో ఉండేదని మొదట చదివారు. ఇప్పుడది సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అలమరలో ఉంది. దీనివల్ల పనివాడు నష్టపోయాడా? సమాధానం తేలిక కాదు. ఒక కొక్కెం బిగించడానికి పిలిచే చిన్న పిలుపులు కొన్ని తగ్గి ఉండవచ్చు. మరోవైపు, అపార్టుమెంట్ల లోపలి చెక్కపని బాగా పెరిగింది. ఆ పనికి వచ్చే బృందాల్లో చాలామంది రాజస్థాన్, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు. వారి సంచుల్లో తీగ లేని డ్రిల్లే మొదటి పనిముట్టు. చాలా చోట్ల దాన్ని వారే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. పనిముట్టు లేనివాడికి సహాయకుడి కూలే దక్కుతుంది. ఆయగారి కాలంలో పనిముట్టు కులంతో వచ్చేది. ఇప్పుడు అప్పుతో వస్తోంది.

అద్దె ఇంట్లో ఉన్న విద్యార్థి సంగతి? మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో ఉన్నవారికి నా సలహా డ్రిల్లు కొనవద్దనే. ఖాళీ చేసే రోజు ఒక్కో రంధ్రానికి అడ్వాన్సులో ఎంత కోస్తారో ముందే మాట్లాడుకోండి, వీలైతే కాగితం మీద రాయించుకోండి. యజమాని ఒప్పుకుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి రెండు కొక్కేలు వేయించుకోవడం చౌక. సొంత గోడ వచ్చినప్పుడు డ్రిల్లు ఎటూ వస్తుంది.

కృత్యం

మీ ఊరిలో లేదా బస్తీలో నలభై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక వడ్రంగినో ఎలక్ట్రీషియన్‌నో కలవండి. ఆయన మొదట వాడిన రంధ్రం చేసే సాధనం ఏమిటి, దాన్ని ఏ పేరుతో పిలిచేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదటి విద్యుత్ డ్రిల్లు ఏ సంవత్సరంలో ఎంతకు కొన్నారు, డబ్బు ఎక్కడిది, మొదటి తీగ లేని డ్రిల్లు ఎప్పుడు వచ్చింది అని అడిగి, ఆయన మాటల్లోనే రాసుకోండి. ఆ తరువాత మీరు ఉంటున్న గది నాలుగు గోడలను కాగితం మీద గీసి, ఏది ఇటుక, ఏది కాంక్రీటు, వైరు ఏ దారిన వెళుతోందో తట్టి చూసి, స్విచ్చుబోర్డుల స్థానాన్నిబట్టి గుర్తించండి. మీ తాతల ఇంట్లో చిలక్కొయ్యలు ఉండేవా? ఉంటే అవి ఏ గోడకు, ఎంత ఎత్తులో, ఎవరి చేతికి అందేలా ఉండేవో కూడా అడిగి తెలుసుకోండి. రెండు పుటలకు మించకుండా రాసి సంపర్క తరగతికి తీసుకురండి.